నవలలో పాత్ర మనసులోని గొడవని పిల్లల చేత ఎలా పట్టించాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు చెప్పే మాస్టార్లూ, సాయంత్రం పూట ట్యూషన్ చెప్పే అక్కలూ నన్ను పదేపదే అడిగేది ఒకటే. "పిల్లలు కథంతా గడగడా చెప్పేస్తారు. 'ఫలానా పాత్ర అంతస్సంఘర్షణని విశ్లేషించండి' అని ప్రశ్న వస్తే మాత్రం మళ్లీ ఆ కథే రాసేస్తారు. ఏం చెయ్యమంటారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నేను క్లాసులో చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. నిర్వచనంతో మొదలుపెట్టకండి. "అంతస్సంఘర్షణ అనగా..." అని బోర్డు మీద రాసిన మరుక్షణం పిల్లలు దాన్ని బట్టీ పట్టే పనిలో పడతారు, పాత్ర వైపు చూడరు. ఒకే మనిషికి ఒకే సమయంలో రెండు కావాలి, ఒకటి పట్టుకుంటే రెండోది చేజారిపోతుంది. మొదట్లో వాళ్లకి ఇంత తెలిస్తే చాలు. ఆ పెద్ద మాట జవాబు రాసే రోజున చెప్పొచ్చు.

కావలసినవి

- ఒక నవల. మీరు మొత్తం చదివి ఉండాలి. పిల్లలు మొత్తం చదవకపోయినా మొదటి పాఠం నడుస్తుంది.
- అందులోంచి ఒక్క సన్నివేశం, పేజీ, మహా అయితే పేజీన్నర. పిల్లలకి తలా ఒక జిరాక్స్ కాపీ. డబ్బులు చాలకపోతే ఇద్దరికి ఒకటి.
- ఒక్కొక్కరికి ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు.
- నలభై నిమిషాల పీరియడ్లు మూడు. ఒక్క పీరియడ్లో అంతా అయిపోవాలని టెన్షన్ పడితే రెండో మెట్టు దగ్గరే జవాబు మీరే చెప్పేస్తారు.

ఏ నవల తీసుకోవాలి

సిలబస్‌లో ఉన్నదే తీసుకోవాలని లేదు. తొమ్మిది, పది తరగతులకి నేను రావిశాస్త్రి 'అల్పజీవి'తో మొదలుపెట్టమంటాను. సుబ్బయ్య భయాలు పిల్లలకి వెంటనే అర్థమవుతాయి. పైగా రాసినాయన శ్రీకాకుళంలో పుట్టిన మనిషి, ఆ మాట తీరు మన ఇళ్లకి దగ్గర. ప్లస్ టూ పిల్లలకి బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' ఇవ్వండి. అందులో దయానిధిని తల్లి గురించి లోకం అన్న మాటలు ఎక్కడికి పోయినా వెంటాడతాయి, సన్నివేశాలు వెతుక్కోనక్కరలేదు. నవీన్ 'అంపశయ్య' యూనివర్సిటీలో చదివే రవి అనే కుర్రాడి ఒక్క రోజు కథ. హాస్టల్లో ఉండి చదివే పిల్లలకి బాగా ఎక్కుతుంది. కానీ ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడుతూ సాగుతాయి కాబట్టి అది రెండో నవలగానే మంచిది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఈ పాఠానికి చాలా గొప్ప పుస్తకం. సీతారామారావు తనతో తాను వాదించుకోవడం తప్ప ఇంకో పని చెయ్యడు. అయితే ముగింపు భయంకరంగా ఉంటుంది. పదో తరగతి లోపు పిల్లలకి మొదటి భాగాల్లోంచి ఒక సన్నివేశం ఇవ్వండి, మొత్తం పుస్తకం చేతికివ్వకండి.

మన పిల్లల్లో చాలామంది తెలుగు కన్నా ఒడియా వేగంగా చదువుతారు. అందులో తప్పేమీ లేదు. అలాంటి వాళ్లకి గోపీనాథ్ మహంతి 'పరజ' (1945) ఇవ్వండి. కొరాపుట్ కొండల్లో జరిగే కథ, మన వైపు ప్రాంతమే. సుక్రు జాని అనే రైతు జరిమానా కట్టడానికి సాహుకారు దగ్గర అప్పు చేసి, గోతిగా, అంటే అప్పు తీరేదాకా చాకిరీ చేసే మనిషిగా మారిపోతాడు. భూమి మీద మమకారం, బిడ్డల మీద ప్రేమ, అప్పు భయం ఆ ఒక్క మనిషిలోనే తన్నుకుంటాయి. పుస్తకం ఒడియాలో చదివి, చర్చ తెలుగులో చెయ్యొచ్చు.

మొదటి పాఠానికి ఒక సన్నివేశం

నవలలోకి దూకే ముందు చిన్న ముక్క మీద చెయ్యి తిరగాలి. నేను సొంతంగా రాసి పెట్టుకున్నది ఇస్తున్నాను, వాడుకోండి.

అమ్మ అంబలి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది.
"అన్న ఫోన్ చేసినాడా?"
"చేసినాడు. సూరత్ రమ్మంటన్నాడు. నేనెల్లను" అన్నాడు నారాయణ.
"ఏం, ఎందుకెల్లవు?"
"నువ్వొక్కదానివీ ఎలాగుంటావు? మోకాలు నొప్పని లెగలేకపోతన్నావు."
అమ్మ ఏమీ అనలేదు. నారాయణ లేచి అటక మీది సంచి దించి దుమ్ము దులిపాడు. జిప్పు లాగి చూశాడు. సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొవ్వొత్తి ముక్క తెచ్చి జిప్పు పళ్ల మీద రుద్దుతూ కూర్చున్నాడు.
"ఎల్లనన్నావు కదరా" అంది అమ్మ.
"ఎలకలు కొట్టేస్తాయని దించేను" అన్నాడు.

గంజాం, గజపతి జిల్లాల్లో సూరత్ మగ్గాల పనికి పోయినవాళ్లు లేని వీధి అరుదు. అందుకే ఈ ముక్క ఇక్కడి పిల్లలకి అర్థం చెప్పక్కరలేదు. అదే కారణంగా ఒక జాగ్రత్త కూడా ఉంది, అది కింద చెబుతాను.

చేసే పద్ధతి

1. పైకి చదవండి, రెండుసార్లు. మొదటిసారి మీరు, రెండోసారి ఇద్దరు పిల్లలు అమ్మగా, నారాయణగా. మధ్యలో ఆపి ప్రశ్నలు వెయ్యకండి. సంచి దించే చోట మాత్రం కాస్త నిదానించండి.

2. కథని ముందే తీసి పక్కన పెట్టండి. "ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయండి" అనండి. అన్న సూరత్ రమ్మన్నాడు, తమ్ముడు వెళ్లనన్నాడు. అంతే. ఆ కాగితాలు తీసేసుకోండి. ఇక మీదట ఎవరైనా కథ చెప్పబోతే "అది ఇందాకే రాసేశాం కదమ్మా" అంటే సరిపోతుంది. రెండు నిమిషాల పని, కానీ మానెయ్యకండి. కథ చెప్పాలనే ఆత్రం ముందే తీరిపోకపోతే ఆఖరి జవాబులోకి వచ్చి కూర్చుంటుంది.

3. పాత్ర గొంతుతో రెండు 'కావాలి'లు రాయించండి. పాఠానికి ప్రాణం ఇక్కడే ఉంది, మొదటి పీరియడ్లో మిగిలిన సమయమంతా దీనికే ఇవ్వండి. ప్రతి పిల్లాడూ నారాయణే అయిపోయి రెండు వాక్యాలు రాయాలి. రెండూ "నాకు" అనే మొదలవ్వాలి, "కావాలి" అనే ముగియాలి.

 మొదటిసారి వచ్చేవి ఇలా ఉంటాయి: "నాకు అమ్మ దగ్గర ఉండడం కావాలి. అన్నకి నేను సూరత్ రావడం కావాలి." రెండో వాక్యం అన్నది, నారాయణది కాదు. ఇద్దరు మనుషులు చెరోవైపు లాగితే అది బయటి గొడవ. దాన్ని తప్పు అనకండి. "ఇది అన్న మాట. మరి నారాయణ సొంత మనసులో రెండోది ఏంటి?" అని అడిగి ఊరుకోండి. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. ఎవరో ఒకరు "సంచి ఎందుకు దించాడు మాస్టారూ?" అంటారు. అక్కడి నుంచి పాఠం వాళ్ల చేతిలోకి వెళ్లిపోతుంది.

 ఇంకో ఇబ్బంది, పిల్లలు ఒక కోరికని మంచిదిగా, రెండోదాన్ని చెడ్డదిగా రాస్తారు. "అమ్మ దగ్గర ఉండాలి" మంచి, "డబ్బు సంపాదించాలి" ఆశ. అలా రాస్తే గొడవే ఉండదు, తప్పు చెయ్యబోయి ఆగినవాడి కథ అయిపోతుంది. రెండో కోరికని కూడా న్యాయంగా రాయమనండి. "అన్నలాగ నేను కూడా ఇంటికి డబ్బు పంపాలి, అమ్మ మోకాలికి మంచి డాక్టరుకి చూపించాలి." ఇప్పుడు చూడండి, వెళ్లడం కూడా అమ్మ కోసమే అయింది. నారాయణకి ఎందుకంత కష్టంగా ఉందో పిల్లలకి అప్పుడు తెలుస్తుంది.

4. రంగులు వేయించండి. ఉండిపోవాలనే కోరిక కనిపించే ప్రతి మాట కిందా నీలం గీత, వెళ్లాలనే కోరిక కనిపించే చోట ఎరుపు. మాటలొక్కటే కాదు, పనులు చూడమనండి, జవాబివ్వని చోట్లు చూడమనండి. నారాయణ మాటలు దాదాపు అన్నీ నీలం అవుతాయి. చేతులు చేసే పనులన్నీ ఎరుపు అవుతాయి. ఇది పిల్లలు తమ కాగితం మీద తామే చూడాలి, మీరు చెప్పకూడదు.

 తరవాత "రెండు రంగులూ పడే వాక్యం ఏది?" అని అడగండి. "ఎలకలు కొట్టేస్తాయని దించేను" దగ్గర క్లాసు రెండుగా చీలుతుంది. వెళ్లనన్న మాట నిలబెట్టుకుంటున్నాడని కొందరు, అబద్ధం చెబుతున్నాడని కొందరు. వాదించుకోనివ్వండి. ఏ నవల తీసుకున్నా రెండు రంగులూ కలిసే చోటే పాత్ర గుండెకాయ ఉంటుంది, జవాబుకి ఆధారంగా పెట్టాల్సింది ఆ వాక్యమే.

 గీత పడని మాట జవాబులోకి రాకూడదు. ఈ నియమం కచ్చితంగా పెట్టండి. ఒక పిల్ల "అతనికి సూరత్‌లో స్నేహితులున్నారు, అందుకే వెళ్లాలనుంది" అంటుంది. "ఏ మాట కింద గీత గీశావు?" అనండి. గీత లేకపోతే అది ఆ పిల్ల ఊహ. ఊహ మంచిదే, సొంత కథ రాసుకునేటప్పుడు వాడుకోవచ్చు.

5. ఖరీదు అడగండి. వెళ్తే ఏం పోతుంది? ఉండిపోతే ఏం పోతుంది? ఒక్కోదానికి ఒక్కో వాక్యం. ఏమీ పోదు అన్న జవాబు వస్తే మూడో మెట్టుకి వెనక్కి వెళ్లండి, అక్కడ ఒక కోరిక సరిగ్గా పట్టుకోలేదని అర్థం.

6. నవలకి వచ్చాక, వెనక్కీ ముందుకీ చూడండి. చిన్న ముక్కలో దీని అవసరం లేదు. నవలలో మాత్రం ఈ గొడవ ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ముదిరింది, ఎలా తేలింది, అసలు తేలిందా అని చూడాలి. మూడు నాలుగు సన్నివేశాలు చాలు. నోట్‌బుక్‌లో అడ్డంగా ఒక గీత గీయించి, పేజీ నంబరు, ఆ చోట ఏ కోరికది పైచెయ్యో ఒక్క మాటలో రాయించండి. దయానిధి లాంటి పాత్రకి ఇది చేయిస్తే, ఊరు మారినా డాక్టరై పేరొచ్చినా లోపలి గొడవ మారలేదన్నది పిల్లలకి గీత మీదే కనిపిస్తుంది. గొడవ తేలకుండానే ముగిసే నవలలు మంచివే ఉన్నాయి. "ముగింపులో సుఖపడ్డాడా?" అని అడగకండి.

7. ఇప్పుడు రాయించండి. పది పన్నెండు వాక్యాలు మించనివ్వొద్దు. రెండు కోరికలు, ఆధారం, ఖరీదు, ఇప్పటికి ఎటు మొగ్గాడు అన్నవి రావాలి. వరస వాళ్ల ఇష్టం. అంతస్సంఘర్షణ అన్న మాట ఈ రోజు చెప్పండి.

తప్పు జవాబు ఎలా ఉంటుంది, ఒప్పు జవాబు ఎలా ఉంటుంది

మామూలుగా వచ్చేది ఇది: "నారాయణ అన్న సూరత్‌లో ఉంటాడు. ఆ అన్న ఫోన్ చేసి రమ్మన్నాడు. నారాయణ వెళ్లనన్నాడు. అతనికి తల్లి అంటే ఎంతో ప్రేమ. ఆ తరవాత సంచి దించాడు. అతను చాలా బాధపడ్డాడు. మనం కూడా తల్లిని ప్రేమించాలి."

రావాల్సింది ఇలాంటిది: "నారాయణకి అమ్మని ఒంటరిగా వదలడం ఇష్టం లేదు, అన్నలాగ సంపాదించి పంపాలనీ ఉంది. 'నేనెల్లను' అని నోటితో అన్నవాడే సంచి దించి జిప్పుకి కొవ్వొత్తి రాస్తాడు. ప్రయాణం లేనివాడికి జిప్పుతో పనిలేదు. అమ్మ అడిగితే ఎలకల మీదికి తోసేస్తాడు. వెళ్లాలనుందని ఆమెకి చెప్పడానికి సిగ్గో భయమో ఉంది. వెళ్తే అమ్మకి లేచి నీళ్లందించే మనిషి ఉండదు. ఉండిపోతే అన్న ముందు ఎప్పటికీ చిన్నవాడే. ఈ సన్నివేశంలో అతను ఏదీ తేల్చుకోలేదు, కానీ చేతులు ప్రయాణం వైపే ఉన్నాయి."

రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, రెండోదాంట్లో ఉన్నది మొదటిదాంట్లో ఏది లేదో పిల్లల చేతే చెప్పించండి. రెండోదాన్ని కాపీ చేసుకోమనకండి. తుడిచెయ్యండి.

తరచుగా జరిగే పొరపాట్లు

"బాధపడ్డాడు, కుమిలిపోయాడు, నలిగిపోయాడు." ఈ మాటలు ఏ పాత్రకైనా అతుకుతాయి. ఈ పాఠం జరిగినన్నాళ్లూ వాటిని వాడొద్దని చెప్పండి. బాధ అన్న మాట లేకుండా బాధ చూపించమంటే పిల్లలు వెంటనే పాఠ్యం వైపు తిరుగుతారు.

తీర్పులు. "సుబ్బయ్య పిరికివాడు" అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేస్తారు. పిరికితనం పేరు పెట్టడం విశ్లేషణ కాదు. భయపడుతూనే ఏం కోరుకుంటున్నాడు, ఆ భయాన్ని ఎలా దాచుకుంటున్నాడు అని అడగండి.

జబ్బు పేర్లు. ఈ మధ్య ప్రతి పాత్రకీ డిప్రెషన్ అంటగడుతున్నారు. నవలలో ఆ మాట లేకపోతే జవాబులో వద్దు. ఎటూ తేల్చుకోలేకపోవడం రోగం కాదని పిల్లలకి చెప్పాలి, వాళ్ల సొంత బతుక్కి కూడా అది తెలియడం అవసరం.

గైడు పుస్తకాలు. గైడులో పాత్ర స్వభావం ఉంటుంది, సన్నివేశం ఉండదు. గైడు చూసి రాసిన జవాబులో ఒక్క సంభాషణ ముక్క కూడా కనిపించదు, అలా గుర్తుపట్టొచ్చు.

మాస్టారి జవాబు. మీకు నచ్చిన అర్థమే క్లాసంతా రాస్తే పాఠం తప్పిందన్నమాట. అమ్మ మౌనాన్ని ఒకరు 'వెళ్లు' అన్నట్టు, ఇంకొకరు 'వెళ్లకు' అన్నట్టు చదివితే, గీత చూపించగలిగినంత వరకు ఇద్దరికీ మార్కులు ఇవ్వండి.

ఒక జాగ్రత్త

క్లాసులో నాన్న సూరత్‌లోనో చెన్నైలోనో ఉన్న పిల్లలు ఉంటారు. "మీ ఇంట్లో ఇలా జరిగిందా? చెప్పు" అని ఎవర్నీ అడగొద్దు. పాత్ర గురించి మాట్లాడటంలో ఉన్న సుఖం ఏంటంటే సొంత సంగతి దాచుకుని కూడా మాట్లాడొచ్చు. ఆ పరదా మనం లాగెయ్యకూడదు. ఎవరైనా తనంతట తానే చెబితే వినండి, దాన్ని ఉదాహరణగా బోర్డు మీదికి ఎక్కించకండి. ఏ పిల్లయినా బాగా కదిలిపోయినట్టు అనిపిస్తే ముక్క మార్చండి. నారాయణ బదులు, పెద్ద పరీక్షకి కట్టాల్సిన డబ్బుతో చెల్లెలికి మందులు కొన్న అక్క కథ మీరే పది వాక్యాల్లో అల్లుకోవచ్చు.

ఇలా కుదరకపోతే

పిల్లలకి తెలుగు లిపి రాకపోతే: 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు నోటి మీదే నిలిచింది. అలాంటి పిల్లల్ని చదవమని ఇబ్బంది పెట్టకండి. మీరు చదివి వినిపించండి, వాళ్లు ఒడియా అక్షరాల్లోనే నోట్సు రాసుకోనివ్వండి. రంగుల పని మాత్రం తెలుగు చదవగలిగిన పిల్లల పక్కన కూర్చోబెట్టి జంటగా చేయించండి. ముందు ఆలోచన సాగాలి, అక్షరాలు తరవాత దిద్దుకోవచ్చు.

చిన్న తరగతులైతే: ఒక పిల్లాడు నారాయణగా మధ్యలో కూర్చుంటాడు. ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు అతని రెండు కోరికలుగా చెవిలో మాట్లాడతారు. మధ్యవాడు ఏమీ అనకుండా వినాలి, ఆఖరున ఎవరి వైపు జరిగాడో, ఎందుకు జరిగాడో చెప్పాలి. ఐదారు తరగతులకి ఇదే మొత్తం పాఠం, రాయించక్కరలేదు.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

జవాబులో పాత్ర పేరు చెరిపేసి పైకి చదవండి. క్లాసులో ఎవరైనా ఇది ఎవరి గురించో చెప్పగలిగితే జవాబు పాసు. ఏ నవలలో ఎవరికైనా సరిపోతుందనిపిస్తే తిరిగి రాయించండి.

"ఆ తరవాత", "అప్పుడు" అన్న మాటల కింద గీత గీయండి. రెండు దాటాయంటే కథ తిరిగొచ్చేసింది.

మార్కులు పదికి వేసేటట్టయితే కోరికలు రెండూ ఒకే మనిషివి అయినందుకు మూడు, ఆధారానికి నాలుగు, ఖరీదుకి రెండు, భాషకి ఒకటి. అక్షరదోషాలకి మార్కులు కోస్తే వచ్చేసారి పిల్లలు తెలిసిన మాటలే రాస్తారు, చూసింది రాయరు.

అసలు పరీక్ష వారం ఆగి పెట్టండి. పిల్లలు చూడని నవలలోంచి అర పేజీ ఇచ్చి, పెన్సిళ్లు ఇచ్చి, ఏమీ చెప్పకుండా కూర్చోబెట్టండి. సగం మంది తమంతట తామే రెండు రంగులూ పట్టుకుంటే నవల మొత్తం మొదలుపెట్టొచ్చు. పట్టుకోకపోతే ఇంకో చిన్న ముక్కతో మూడో మెట్టు ఒక్కటే మళ్లీ చేయించండి, మిగతావి తిరిగి చెప్పక్కరలేదు.